మేత నిరోధక శాఖ

ఒక పెద్ద అడవిలో, పెద్దవాళ్ళెవరూ తమ కాళ్ళ కిందికి చూసుకోని రోజుల్లో, 'మేయడం' అన్నది బూతుమాట అయిపోయింది.

నిజమండీ బాబూ, నవ్వకండి. అంతకు ముందు అందరూ హాయిగా మేసేవాళ్ళే. లేడి మేసేది, దున్నపోతు మేసేవాడు, ఏనుగూ మేసేవాడు. ఎవరికీ సిగ్గుండేది కాదు. అడవికో సభ, సభకో అధ్యక్షుడు, ఆయన కింద బోలెడు శాఖలు వచ్చాక మొదలైంది తంటా. ఎలుగుబంటి తేనెపట్ల శాఖలో చేరి ఆర్నెల్లు తిరక్కుండా రెండింతలు లావెక్కాడు. "వీడు బాగా మేస్తున్నాడర్రా" అన్నారు జనం. దుంపల శాఖలో అడవిపందిని చూసి, "వీడూ మేశాడు" అన్నారు. అలా అలా ఆ మాటకి మురికి అంటుకుంది.

ఇక గడ్డి తినేవాళ్ళు కూడా ఆ మాట అనడం మానేశారు. దున్నపోతు పొద్దస్తమానం వాగు ఒడ్డున మేసొచ్చి, "ఏదో కాస్త ఫలహారం పుచ్చుకున్నాను" అనేవాడు. కుందేలు "లంచ్ అయింది" అనేది. పిల్లల నోట ఆ మాట వస్తే తల్లులు మూతి మీద ఒక్కటిచ్చేవాళ్ళు.

సభకి అధ్యక్షుడు ఏనుగు దంతయ్య. ఆయన మంచివాడే. ఎవరైనా ఏదైనా చెబితే చెవులు రెండూ ఊపి మరీ వినేవాడు, విన్నాక మర్చిపోయేవాడు. జనం గోల పడలేక ఆయన ఒక కొత్త శాఖ పెట్టాడు. దాని పేరు మేత నిరోధక శాఖ. దానికి అధికారిగా ముంగిస మృత్యుంజయరావుని వేశాడు.

మృత్యుంజయరావు నిప్పులాంటి మనిషి... అదే, నిప్పులాంటి ముంగిస. వచ్చీరాగానే ఎలుగుబంటి మీద కేసు రాశాడు. "అది మేత కాదు, పదవీ గౌరవం" అని పైనుంచి కబురొచ్చింది. అడవిపంది మీద రాశాడు. "అతను మా బావమరిదికి స్నేహితుడు" అని ఇంకో కబురొచ్చింది. మూడేళ్ళు గడిచాయి, ఒక్క కేసూ నిలవలేదు. చివరికి దంతయ్య పిలిచి, "చూడవయ్యా, ఈ వానాకాలం లోపు ఒక్కడినైనా పట్టుకోకపోతే నీ శాఖ ఎత్తేస్తాను" అన్నాడు.

పాపం, మృత్యుంజయరావుకి అన్నం సయించలేదు. పెద్దవాళ్ళని పట్టుకోనివ్వరు, చిన్నవాళ్ళు మేస్తున్నామని ఒప్పుకోరు. మరి ఎవర్ని పట్టుకోవాలి?

సరిగ్గా అప్పుడే జనాభా లెక్కల గుమాస్తా నత్త నాంచారయ్య ఆఫీసుకి తిరిగొచ్చాడు. వాగు పక్క బయలు కింద మట్టిలో ఎవరెవరున్నారో రాసుకురమ్మని ఆయన్ని పంపి అప్పటికి రెండేళ్ళయింది. అందరూ చచ్చిపోయాడనే అనుకున్నారు. ఆయన పనివాడు, కాకపోతే నత్త.

మృత్యుంజయరావు ఊసుపోక ఆ కాగితాలు తిరగేశాడు. మొదటి ఇల్లు. యజమానురాలి పేరు: గెంతుపురుగు చిందమ్మ. వృత్తి: మేయడం.

కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. రెండో ఇల్లు, వృత్తి: మేయడం. మూడో ఇల్లు, మట్టినల్లి ముసలయ్య, వృత్తి: మేయడం, ఇంకా రిటైరు కాలేదు. నాలుగు, ఐదు, అరవై, ఆరు వందలు. అందరిదీ అదే వృత్తి.

"ఓరి నాయనో!" అని ఎగిరి గంతేశాడు. "నాంచారయ్యా, ఇది నువ్వు రాశావా, వాళ్ళే చెప్పారా?"

"వాళ్ళే చెప్పారండి. నవ్వుతూ చెప్పారండి. టీ కూడా ఇవ్వబోయారండి" అన్నాడు నాంచారయ్య, ఒక్కో మాటకి ఒక్కో నిమిషం తీసుకుంటూ.

ఇక్కడ కాస్త కిందిలోకం సంగతి చెప్పాలి. మట్టిలో ఉండే ఈ గెంతుపురుగులు ఆవగింజలో సగం కూడా ఉండవు. తోక కింద చిన్న కొంకి ఉంటుంది, దాన్ని విదిలించి గెంతుతాయి. వాటి తిండి ఏమిటంటారా? బూజు. రాలిన ఆకుల మీద, పుల్లల మీద, తెల్లటి దారాల్లా పాకే బూజు. అది ఆకుల్లోని సారమంతా పీల్చుకుని తన ఒంట్లో దాచుకుంటుంది. గెంతుపురుగులు దాని కొసలు కొరికి తింటాయి, అరిగించుకుని మట్టిలోనే విసర్జిస్తాయి. ఆ విసర్జించినదాన్ని గడ్డి వేళ్ళు తాగుతాయి. ఇదంతా తాతల నాటి నుంచి ఏ ఆర్డరూ లేకుండానే జరిగిపోతోంది. వాళ్ళ చెవుల దాకా పైలోకపు మాటలు రావు గనక, మేయడం బూతైపోయిందన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు.

కేసు నిలవాలంటే ఫిర్యాదుదారు కావాలి కదా. మృత్యుంజయరావు బయలుకెళ్ళి, బూజునే పట్టుకున్నాడు. బూజు పేరు భూషణం. ఎప్పుడూ ఒళ్ళు నొప్పులంటూ ఉండే రకం.

"మిమ్మల్ని వీళ్ళు మేస్తున్నారట కదా?"

"అయ్యో, ఏం చెప్పమంటారు! నేనొక వేలు చాపితే చాలు, కొస కొరికేస్తారు. మళ్ళీ కొత్త వేలు వేసుకోవాలి. జీవితమంతా వేళ్ళు వేసుకోవడంతోనే సరిపోతోంది. కూర్చుని ఒక్క పూట విశ్రాంతి లేదు."

"సంతకం పెట్టండి" అన్నాడు మృత్యుంజయరావు.

విచారణ నల్లబండ మీద జరిగింది. అడవి అడవంతా వచ్చింది. ఎలుగుబంటి ముందు వరసలో కూర్చుని, "సమాజం ఎటుపోతోందో!" అని నిట్టూర్చాడు.

"ముద్దాయి ఎక్కడ?" అన్నాడు దంతయ్య.

"తమరి ఎడమ కాలి గోరు పక్కనండి."

"నాకేం కనబడటం లేదే."

"నేరం కనబడితే చాలండి, ముద్దాయి కనబడక్కర్లేదు" అన్నాడు మృత్యుంజయరావు. గొంతు సవరించుకుని కిందికి వంగాడు. "నీ పేరు?"

"చిందమ్మండి." గొంతు సన్నగా ఉన్నా ఖంగుమని వినిపించింది.

"ఏం చేస్తుంటావు?"

"మేస్తానండి."

సభలో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పుట్టినప్పట్నుంచీనండి. మా అమ్మ మేసింది, మా అమ్మమ్మా మేసింది. మా ఇంటావంటా ఉన్నదేనండి."

"ఒక్కదానివేనా?"

"అయ్యో, ఒక్కదాన్నే మేస్తే ఏం సరిపోతుందండీ! ఊరు ఊరంతా మేస్తేగానీ పని జరగదు."

మృత్యుంజయరావుకి ఆనందంతో తోక నిక్కబొడుచుకుంది. "మేసిందంతా మీరే ఉంచుకుంటారా?"

"ఛ ఛ, ఎంత మాట! మా పొట్టలో ఎంత పడుతుందండీ? మేము మేసిందంతా చివరికి పైకే పోతుంది."

ఎలుగుబంటి మెల్లగా లేచి వెనక వరసలోకి వెళ్ళాడు.

"పైకంటే... ఎవరికి?" అన్నాడు మృత్యుంజయరావు.

"అందరికీనండి. లేడమ్మకి, దున్నగారికి. అందరికన్నా ఎక్కువ అధ్యక్షులవారి పొట్టలోకే పోతుంది. ఆయనది పెద్ద పొట్ట కదండీ మరి" అంది చిందమ్మ గౌరవంగా.

దంతయ్యకి పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఆ ఆఖరి జవాబు కొట్టెయ్యండి. ముద్దాయి నేరం ఒప్పుకుంది. అందర్నీ లోపలెయ్యండి" అన్నాడు.

పుట్టలు తవ్వడంలో ఆరితేరిన అలుగు పోలీసులు బయలంతా తవ్వి, జల్లెడ పట్టి, గెంతుపురుగుల్నీ మట్టినల్లుల్నీ పోగేశారు. బయలుని ఆనుకున్న కొండ వాలులో కూలి పుచ్చిపోయిన మద్దిమాను ఒకటుంది. దాని తొర్రలో అందర్నీ కుక్కి, మూతికి బంకమట్టి మెత్తారు. అదే జైలు. జైలుకి మూడు నిబంధనలు రాయించి తగిలించారు. అందులో మూడోది ఇదీ: జైలు ఆవరణలో మేస్తూ కనబడిన ప్రతివాడూ ఖైదీయే.

భూషణానికి సభలో పూలదండ వేశారు. మృత్యుంజయరావుకి పెద్ద పదవి ఖాయమన్నారు, అధ్యక్షుడి సంతకమే తరువాయి అన్నారు. వానలు పడ్డాయి, అందరూ సంతోషించారు.

ఆ వానల్లోనే లేడి నాగరత్నం ఈనింది. తొలిచూలు. పిల్ల చక్కగా ఉంది, కాళ్ళు మాత్రం పుల్లలు. దాన్ని చూసుకుని నాగరత్నం మురిసిపోయి, పాలు బాగా పడాలని రోజూ బయలుకి వెళ్ళి కడుపు నిండా గడ్డి తినేది. తింటోందే గానీ ఆ గడ్డిలో పస లేదు. వాన పడుతున్నా పెరగటం లేదు. కొసల నుంచి రంగు తిరగడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి బయలంతా పసుపు బట్ట ఆరేసినట్టుంది. నాగరత్నానికి పాలు తగ్గిపోయాయి.

ఆవిడ సభకెళ్ళి అర్జీ పెట్టుకుంది. దంతయ్య వెంటనే ఒక కమిటీ వేశాడు. కమిటీ బయలు చూసొచ్చి నివేదిక ఇచ్చింది: 'గడ్డి పచ్చగా ఉంది.'

"అయ్యా, అది పసుపుపచ్చ!" అంది నాగరత్నం.

"పచ్చగా ఉన్నట్టు అర్జీదారు కూడా ఒప్పుకున్నారు" అని కమిటీ కింద ఒక వాక్యం చేర్చింది. ఫైలు మూసేశారు.

ఏం చేస్తుంది? ఆకుల సారమంతా బూజే దాచుకుంటుందని విని, నేరుగా భూషణం దగ్గరికెళ్ళింది. అతన్ని చూసి గుర్తుపట్టలేకపోయింది. బయలంతా ఆక్రమించి, మందంగా, తెల్లగా, పరుపులా పరుచుకుని పడి ఉన్నాడు.

"భూషణంగారూ, ఆకుల సారమంతా మీ దగ్గరే ఉందటగా. గడ్డికి కాస్త వదలండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"ఉందమ్మా, అంతా నాలో భద్రంగా ఉంది. వదలడమనేది నా పని కాదు. నా పని పీల్చుకోవడం, దాచుకోవడం. వదిలించే సెక్షన్ వేరే ఉండేది."

"ఏ సెక్షన్?"

భూషణం ఏడుపు గొంతుతో అన్నాడు: "నన్ను కొరుక్కుతినేవాళ్ళే. వాళ్ళు కొసలు కొరుకుతుంటే చిరాకేసేది గానీ, రోజుకో కొత్త వేలు వేసేవాణ్ణి, చురుగ్గా ఉండేవాణ్ణి. ఇప్పుడు చూడు, కదల్లేను. సగం ఒళ్ళు ముసలిదైపోయింది. కొత్త ఆకు పక్కన రాలినా చెయ్యి చాపబుద్ధి కావటం లేదు. దండ వేస్తే పొంగిపోయాను తల్లీ."

నాగరత్నం ఇంటిదారి పట్టింది. పిల్ల పొదలో పడుకునే ఉంది. తల ఎత్తి మూతి చాపింది గానీ, పాలు రాక మళ్ళీ వాల్చేసింది. ఆ తల్లి ఎక్కడైనా సరే నాలుగు పచ్చి పరకలు దొరకాలని కొండ వాలంతా గాలించింది.

గాలిస్తూ గాలిస్తూ జైలు దగ్గరికొచ్చి నిలబడిపోయింది. మద్దిమాను చుట్టూ, బారెడు మేర, గడ్డి మోకాలెత్తున, నల్లపచ్చగా, నిగనిగలాడుతూ ఉంది! పరుగున వెళ్ళి రెండు కబళాలు నోట్లో కుక్కుకోబోయింది.

"ఆగు!" కాపలా ఉన్న మృత్యుంజయరావు అడ్డం దూకాడు. "ఇది జైలు ఆవరణ. ఇక్కడ నోరు కదిలిస్తే నిబంధన మూడు."

"అయ్యా, అడవంతా ఎండిపోతే ఇక్కడొక్కచోటే ఇంత గడ్డెలా వచ్చిందండీ?"

"క్రమశిక్షణ వల్ల" అన్నాడు మృత్యుంజయరావు.

మానులోంచి సన్నటి గొంతు వినిపించింది. "కాదమ్మా, మా వల్ల. లోపల పుచ్చుకర్ర బూజు బోలెడుంది. ఊరికే కూర్చోలేక మేస్తున్నాం. మేసినవాళ్ళం మరి దొడ్డికి వెళ్ళకుండా ఉంటామా? వాన పడ్డప్పుడల్లా అది కారి మీ గడ్డి వేళ్ళకి పోతోంది. కోర్టులో చెప్పానుగా, చివరికి పైకే పోతుందని!"

నాగరత్నానికి అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. వాళ్ళ మేత ఆగింది గనకే గడ్డి ఆగింది, గడ్డి ఆగింది గనకే తన పాలు ఆగాయి. మూడు నెలల కిందట ఆ విచారణలో తనూ చెవులు మూసుకుని కూర్చుంది. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

అక్కణ్ణుంచి సభకి ఒకటే పరుగు. మృత్యుంజయరావు వెనకాలే పరుగు. చిందమ్మ చెప్పిందంతా చెప్పి, "వాళ్ళని వదిలెయ్యండయ్యా! బయల్లోకి పంపెయ్యండి. నా పిల్ల నిన్నటి నుంచి లేచి నిలబడలేదు. దాని ప్రాణం పోతే ఆ ఉసురు ఎవరికి తగులుతుందో మీరే చెప్పండి!" అని బావురుమంది.

దంతయ్య కదిలిపోయాడు. చెవులు రెండూ ఊపాడు. "అమ్మా, నువ్వు చెప్పింది సబబే. కానీ వాళ్ళని వదిలేస్తే, పట్టుకోవడం తప్పు అయిపోతుంది. పట్టుకోవడం తప్పయితే శాఖ తప్పవుతుంది. శాఖ పెట్టింది నేను. అంటే..." ఆ మాట పూర్తి చేయడానికి ఆయనకి ఇష్టం లేకపోయింది.

"మనం తప్పు చెయ్యం కదండీ" అని మృత్యుంజయరావు అందించాడు.

"అద్గదీ. చెయ్యం."

అప్పుడు బండకి అతుక్కుని ఉన్న నాంచారయ్య గొంతు విప్పాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన సభలో నోరు తెరవడం అదే మొదటిసారి.

"ఖైదీల్ని... జైలు బయటికి... తేవడానికి... వీల్లేదండి. కానీ... జైలు హద్దుల్ని... జరపడానికి... ఏ నిబంధనా... అడ్డం లేదండి."

అందరికీ అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక దంతయ్య తొండమెత్తి ఆయన్ని ఆశీర్వదించాడు. అప్పటికప్పుడు ఆర్డరు రాశారు: గడ్డి పెరుగుదలకి జైలు మిక్కిలి దోహదకారి అని రుజువైనందున, బయలు మొత్తాన్నీ జైలు ఆవరణగా విస్తరించడమైనది. పాత గోడ అనవసరమైనందున మద్దిమానుని పగలగొట్టవలెను. ఖైదీలు తమ శిక్షాకాలమంతా ఆవరణలోని మట్టిలోనే గడపవలెను.

దంతయ్య స్వయంగా వచ్చి మాను మీద కాలు వేశాడు. అది పటపటా విరిగింది. గెంతుపురుగులు కొంకులు విదిలించుకుంటూ, మట్టినల్లులు దేకుకుంటూ, తడిమట్టిలోకి బిలబిలమని దిగిపోయాయి. "పదండర్రా, శిక్ష అనుభవిద్దాం" అని చిందమ్మ కేక వినబడింది.

నాగరత్నం మాత్రం అవేవీ చూడలేదు. మాను చుట్టూ ఉన్న నల్లపచ్చ గడ్డి మీద పడింది. మృత్యుంజయరావు పక్కకొచ్చి నిలబడ్డాడు. ఈసారి గొంతులో కరుకుదనం తక్కువే. "అమ్మా, తెలిసే చేస్తున్నావా? ఇక్కడ మేస్తే ఖైదీవవుతావు."

"అవుతాను నాయనా. రాసుకో. నాగరత్నం, వృత్తి మేయడం" అంది నోటినిండా గడ్డితో. ఆ మాట బూతయ్యాక పైలోకంలో తన గురించి తనే అలా చెప్పుకున్న మొదటి మనిషి, అదే, మొదటి లేడి ఆవిడే.

మూడో నాటికి పాలు చేపుకొచ్చాయి. నాలుగో నాడు పిల్ల లేచి నిలబడి, కాళ్ళు మెలేసుకుని పడి, మళ్ళీ లేచింది. నాగరత్నం దాన్ని నాకుతూ ఏడుస్తూ నవ్వుతూ కూర్చుంది.

కింద పని చకచకా సాగిపోయింది. భూషణం ముసలి కొసలన్నీ కొరికి పారేశారు. ఆయన "అబ్బా, అమ్మా" అంటూనే కొత్త వేళ్ళు వేశాడు. "మెల్లిగా మెయ్యండర్రా, మొదలంటా కొరికితే మీకే నష్టం" అని మధ్యమధ్యలో గోల పెట్టేవాడు. చిందమ్మ ఆ మాట విని పిల్లల్ని గదమాయించేది. నెల్లాళ్ళకి బయలు పచ్చబడింది. ఈసారి నిజం పచ్చ.

దున్నపోతు వచ్చాడు, ఆవరణలోకి అడుగుపెట్టి ఫలహారం పుచ్చుకున్నాడు. మృత్యుంజయరావు నిబంధన మూడు చదివి పేరు రాశాడు. కుందేలు లంచ్ చేసింది, పేరు రాశాడు. గుంపులు గుంపులుగా వస్తున్నారు, రాస్తూనే ఉన్నాడు. కేసుల్లేక మూడేళ్ళు అలమటించినవాడు కదా, ఎలా ఆపుతాడు?

ఒక పొద్దుటిపూట దంతయ్య వచ్చాడు. గడ్డి వాసన తగిలి ఆయనకి ప్రపంచం గుర్తులేదు. తొండం నిండా పెరికి నోట్లో పెట్టుకుంటున్నాడు.

"అధ్యక్షులవారు ఏం చేస్తున్నారండీ?" అన్నాడు మృత్యుంజయరావు, వినయంగా, కలం పట్టుకుని.

"కళ్ళు కనబడటం లేదుటయ్యా? మేస్తున్నాను!"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. పక్కనే ఖైదీల లెక్క రాస్తున్న నాంచారయ్య అప్పటికే రాసేశాడు. జీవితంలో ఆయన అంత త్వరగా రాసింది లేదు.

ఆ రోజు నుంచి సభ జైల్లోనే జరుగుతోంది. అధ్యక్షుడూ ఖైదీయే, సభ్యులూ ఖైదీలే, అందరూ బాహాటంగా మేస్తున్నారు, ఎవరూ చెవులు మూసుకోవడం లేదు. బయట మిగిలింది గడ్డి ముట్టని మృత్యుంజయరావు ఒక్కడే. ఆయన పెద్ద పదవి కాగితం సిద్ధంగానే ఉంది. అధ్యక్షుడు సంతకమూ పెట్టాడు. ఖైదీ సంతకం చెల్లదని దాన్ని తిప్పి పంపాల్సిన అధికారి మృత్యుంజయరావే గనక, నిజాయితీగా తిప్పి పంపేశాడు.

నీతి: మేసేవాళ్ళందరినీ జైల్లో పెట్టడం అసాధ్యమేమీ కాదు, హద్దురాళ్ళు కాస్త దూరంగా పాతితే చాలు.